బీఏ చదువుతానంటే నాన్న మాట్లాడటం మానేశారు

మూసాపేట దగ్గర ఒక బస్తీ నుంచి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. సారాంశం ఇది.

ఇంటర్‌లో ఎంపీసీ. వెయ్యికి 871 మార్కులు, అందులో మ్యాథ్స్‌లో 300కి 262. ఎప్‌సెట్‌లో 46 వేల ర్యాంకు. కన్వీనర్ కోటాలో ఊరవతల ఏదో ఒక కాలేజీలో సీటు రావచ్చు కానీ కంప్యూటర్ సైన్స్ కష్టం. నాన్న బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో టర్నర్, ఇరవై నాలుగేళ్ళుగా లేత్ మిషన్ మీదే పని. అమ్మ నగలు కుదువపెట్టి, చిట్టీ ఎత్తి, మిగిలింది అప్పు తెచ్చి మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పించాలని ఆయన ఆలోచన. నాలుగేళ్ళకు దాదాపు 9 లక్షలు. తమ్ముడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు.

అమ్మాయికి మాత్రం బీఏ చదవాలని ఉంది. ఆ మాట అన్న రోజు నాన్న, "నేను మిషన్ మీద చేతులు అరగదీసుకున్నది నువ్వు బీఏ చదవడానికా?" అన్నారట. అప్పటినుంచి పదకొండు రోజులుగా మాటల్లేవు. మేనత్త కొడుకు బీటెక్ పూర్తయి రెండేళ్ళయినా అమీర్‌పేటలో ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు నేర్చుకుంటూనే ఉన్నాడని చెబితే, "వాడు సరిగ్గా చదవలేదు" అన్నారట. ఇంతకీ బీఏలో ఏ సబ్జెక్టు తీసుకోవాలో ఆమెకే తేలడం లేదు. ఒకరోజు సైకాలజీ, ఒకరోజు ఎకనామిక్స్, ఇంకోరోజు పొలిటికల్ సైన్స్ అనిపిస్తోంది. డిగ్రీ కాలేజీల్లో ఆన్‌లైన్ ప్రవేశాలు జరిపే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకోవాల్సిన గడువు దగ్గరపడింది. బీఏ తీసుకుంటే జీవితం పాడవుతుందా? ఏ సబ్జెక్టు తీసుకుంటే ఉద్యోగం వస్తుంది? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ఐదో పేజీలో ఒక వాక్యం కొట్టేసి, మళ్ళీ దాన్నే కింద రాశావు. "బీటెక్ కష్టమని పారిపోతున్నానేమో" అని. నీ రెండు ప్రశ్నలకంటే ఇదే నిన్ను ఎక్కువగా తొలుస్తున్నట్టుంది, అందుకే దీనితో మొదలుపెడతాను.

నేను ఇరవై ఆరేళ్ళు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. ఇంకెక్కడా సీటు రాక బీఏలోకి వచ్చిన పిల్లల్ని ఏటా చూశాను. వాళ్ళలో కొందరికి మొదటి ఏడాదిలోనే ఏదో ఒక పాఠం పట్టుకుంది, బాగుపడ్డారు. చాలామందికి ఏ పాఠమూ పట్టుకోలేదు. వాళ్ళ ఇబ్బంది తెలివి తక్కువై కాదు. ఇక్కడ ఏం నేర్చుకోవచ్చో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మ్యాథ్స్‌లో 262 తెచ్చుకున్న పిల్ల కష్టానికి భయపడి వస్తోందంటే నేను నమ్మను. కానీ ఎందుకు వస్తున్నావో నీకు ఇంకా స్పష్టంగా తెలియదు. అది ఈ వయసులో తప్పేమీ కాదు. గడువులోగా కొంతైనా తేల్చుకోవాలి, అంతే.

ఇక మీ నాన్నగారి సంగతి. నువ్వు ఆయన మీద కోపంతో రాశావు, అది నాకు అర్థమైంది. అయితే ఆయన చూసిన బీఏ ఏదో కూడా ఆలోచించు. ఏదో ఒక డిగ్రీ ఉండాలని చేరి, కాలేజీ మెట్లెక్కకుండా, పరీక్షలకు నెల ముందు గైడు కొనుక్కుని పాసయ్యే బీఏ ఆయన కళ్ళ ముందు ఉంది. ఆ బీఏతో ఉద్యోగం రాదు. ఆ విషయంలో ఆయన మాట నూటికి నూరు పాళ్ళు నిజం. పైగా ఆయన చేతిలో ఉన్నది ఒక పని. గీసిన కొలతకు ముక్క వచ్చిందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది. కూతురు మూడేళ్ళు చదివాక చేతికి ఏ పని వస్తుందని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న అది. "నాకు ఇష్టం" అన్నది దానికి జవాబు కాదు.

కాబట్టి జవాబు వెతుకుదాం. ఏ సబ్జెక్టుకు ఉద్యోగం వస్తుందని అడిగావు. బీఏకి సంబంధించి ఉద్యోగాలను రెండు రకాలుగా చూడు. కొన్నింటికి ఏ డిగ్రీ అయినా చాలు. సివిల్స్, గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీఓ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్‌లో ఎక్కువ పోస్టులు, ఐసెట్ రాసి ఎంబీఏ, లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్ఎల్‌బీ, ఇలాంటివన్నీ అటువైపు. అక్కడ సైకాలజీ చదివావా, చరిత్ర చదివావా అని ఎవరూ అడగరు. ఇంకొన్నింటికి ఆ సబ్జెక్టే ఉండాలి. జూనియర్ కాలేజీలో లెక్చరర్ కావాలంటే ఆ సబ్జెక్టులోనే పీజీ ఉండాలి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. బడిలో సోషల్ టీచర్ కావాలన్నా డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివావో చూస్తారు, ఆపైన బీఈడీ, టెట్. సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఈ రెండో రకాన్ని. మొదటి రకం ఎలాగూ నీకు తెరిచే ఉంటుంది.

తెరిచి ఉందని దాన్నే నమ్ముకోమని మాత్రం చెప్పను. నీ ఉత్తరంలో "బీఏ చేస్తూ సివిల్స్‌కి ప్రిపేర్ అవుతా" అని ఒక లైను ఉంది. 2023 సివిల్స్‌లో చివరికి ఎంపికైనవాళ్ళు 1,016 మంది. ఆ ఏడాది ప్రిలిమ్స్ రాసినవాళ్ళు 5 లక్షల 90 వేల పైచిలుకు. మన రాష్ట్రంలో గ్రూప్-1 సంగతి ఇంకా చూడు. తెలంగాణ వచ్చాక మొదటి నోటిఫికేషన్ 2022లో వచ్చింది, 503 పోస్టులకు. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో 563 పోస్టులకు మళ్ళీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఒక ఆదివారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి కూర్చో. పక్కనున్న అక్కల్నీ అన్నల్నీ ఎన్నేళ్ళుగా చదువుతున్నారని అడుగు. వాళ్ళ పట్టుదల మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ చేతిలో ఇంకో పని లేకుండా ఆ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు దాటిన పిల్లల్ని చూస్తే నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. పోటీ పరీక్ష రాయి, తప్పకుండా రాయి. దానికి తోడు ఇంకొకటి ఉండాలి.

ఆ ఇంకొకటి ఏమిటో చూద్దాం.

సైకాలజీ గురించి నువ్వు ఒకటిన్నర పేజీ రాశావు. ఫోన్‌లో చూసిన వీడియోలు, ఫ్రెండ్‌కి టెన్షన్ వచ్చినప్పుడు గంటలు గంటలు కూర్చుని మాట్లాడటం, అందరూ నీతోనే మనసు విప్పడం. మంచి గుణం. అయితే ఆ చదువు పూర్తి పొడవు నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. బీఏ సైకాలజీతో ఎవరూ సైకాలజిస్టు అయిపోరు. మూడేళ్ళ తర్వాత రెండేళ్ళ పీజీ. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ, గుర్తించిన వృత్తి కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. ఆ సీట్లు తక్కువ. కోర్సుల రూపం కూడా ఈ మధ్య మారుతోంది, అందుకని ఎక్కడ చేరినా ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందా లేదా అని ముందు చూసుకోవాలి. చదువులో సగం స్టాటిస్టిక్స్, ప్రయోగాలు, పరీక్షల స్కోరింగ్. ఏడెనిమిదేళ్ళు ఓపిక పట్టగలిగితే అది గొప్ప వృత్తి, మన దగ్గర మనుషులు చాలరు కూడా. మీ ఇంట్లో అన్నేళ్ళు సంపాదన లేకుండా గడుస్తుందా? దీనికి జవాబు నువ్వే చెప్పాలి.

ఇప్పుడు నాలుగో పేజీ. అక్కడ నువ్వు ఏదో మాటవరసకన్నట్టు ఒక సంగతి రాశావు. పోయిన ఎండాకాలం మీ గల్లీకి వాటర్ ట్యాంకర్ ఏ రోజు వస్తోంది, ఎన్ని గంటలకు వస్తోంది, ఎవరింటి ముందు ఆగుతోంది, చివరి ఇళ్ళకు ఎన్ని బిందెలు దక్కుతున్నాయి అని రెండు నెలలు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నావు. పైప్ పొడవుగా ఉన్న ట్యాంకర్ వచ్చిన రోజు గొడవలు తక్కువని నీకు తెలిసింది. పొద్దున్నే ట్యాంకర్ వచ్చిన రోజుల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు పని మానుకోవాల్సి వస్తోందని కూడా లెక్క తీశావు. ఆ తర్వాత, "ఇవన్నీ పిచ్చి పనులు" అని రాసి సైకాలజీలోకి వెళ్ళిపోయావు.

అమ్మా, ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను. నా సర్వీసులో పీజీ పిల్లలకు ప్రాజెక్టు ఇస్తే, ఇందులో నాలుగో వంతు శ్రద్ధతో చేసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఉన్న కొద్ది వనరు ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, అందకపోతే ఎవరు ఎంత నష్టపోతున్నారు అన్నది ఎకనామిక్స్‌లో అసలు ప్రశ్న. నువ్వు ఎవరూ చెప్పకుండానే దాన్ని అడిగి, లెక్క కట్టావు. నేను ఎకనామిక్స్ మాస్టార్ని కాబట్టి నా సబ్జెక్టు వైపు మొగ్గుతున్నానని నీకు అనిపించవచ్చు. ఆ మొగ్గు నాకు ఉంది, దాచను. అయినా రెండు ఇష్టాలను పక్కపక్కన పెట్టి చూడు. ఒకటి చూసి ఇష్టపడ్డావు. రెండోది రెండు నెలలు ఎండలో నిలబడి చేశావు.

పైగా నీ దగ్గర మ్యాథ్స్ ఉంది. దాని విలువ నీకు తెలియడం లేదు. పేరున్న చోట్ల ఎంఏ ఎకనామిక్స్‌లో లెక్కలు గట్టిగా ఉంటాయి. ఇంటర్‌లో మ్యాథ్స్ వదిలేసినవాళ్ళు అక్కడే చతికిలపడతారు. ఇందాక చెప్పిన సీజీఎల్‌లోనే జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అని ఒక పోస్టు ఉంది. డిగ్రీ ఏదైనా సరే, ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం ఉన్నవాళ్ళు దానికి అర్హులు. నీకు 87 శాతం ఉంది. ఎంపీసీ చదివి బీఏకి వెళ్తే రెండేళ్ళు వృథా అని మీ ఇంట్లో అనుకుంటున్నారు కదా, ఈ సంగతి వాళ్ళకు చెప్పు.

నాకు కనిపిస్తున్న దారులు ఇవి. ఎంచుకోవాల్సింది మీరు, నేను కాదు.

మొదటిది, మీ నాన్నగారు చెబుతున్న మేనేజ్‌మెంట్ సీటు. కంప్యూటర్ సైన్స్ మీద నీకు ద్వేషమేమీ ఉన్నట్టు లేదు, ఉత్సాహం లేదంతే. చేరితే చదవగలవు. నాలుగేళ్ళ తర్వాత క్యాంపస్‌లో ఉద్యోగం వస్తే ఇల్లు ఒక్కసారిగా తేరుకుంటుంది, ఆ ఆశ తప్పు కాదు. రాకపోతే వడ్డీ ఆగదు, అమ్మ నగలు విడిపించే దారి ఉండదు, అప్పటికి తమ్ముడు కూడా డిగ్రీ వయసుకు వస్తాడు. చేరాలనే అనుకుంటే ఆ కాలేజీలో గత మూడేళ్ళలో నీ బ్రాంచిలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో కాలేజీ పుస్తకంలో చూడకు, అక్కడ చదివి బయటికి వచ్చిన నలుగురిని అడుగు. ఆ జవాబులు విన్నాక 9 లక్షల గురించి మళ్ళీ మాట్లాడుకోండి.

కన్వీనర్ కోటాలో వచ్చే సీటు రెండోది. ఖర్చు తక్కువ. బ్రాంచి నీకు నచ్చినది కాకపోవచ్చు. ఊరికే డిగ్రీ ఉండాలని ఇంజనీరింగ్ చేయడం, ఊరికే డిగ్రీ ఉండాలని బీఏ చేయడం, రెండూ ఒకటే. దీని గురించి ఇంకేం చెప్పను.

మూడోది ఎకనామిక్స్. దోస్త్‌లో కాంబినేషన్ల జాబితా ఓపిగ్గా చూడు. ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ కలిసి ఉన్న కాంబినేషన్ ఏ కాలేజీలో ఉన్నా దాన్ని పైన పెట్టు. అది బీఏ కింద కనిపించవచ్చు, బీఎస్సీ కింద కనిపించవచ్చు, పేరు చూసి వదిలేయకు. అది దొరక్కపోతే కనీసం ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ గానీ మ్యాథ్స్ గానీ ఉండేలా చూసుకో. అదీ కుదరకపోతే పొలిటికల్ సైన్స్‌తో కలిపి తీసుకున్నా నష్టం లేదు, లెక్కలు మాత్రం సొంతంగా వదలకుండా చేసుకోవాలి. కాలేజీ విషయంలో నాది ఒకటే మాట. క్లాసులు నిజంగా జరిగే చోట చేరు. నిజాం కాలేజీ, కోఠి మహిళా విశ్వవిద్యాలయం, బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, సిటీ కాలేజీ, ఇవన్నీ ఒకసారి నీ కాళ్ళతో వెళ్ళి చూడు. మూసాపేటలో మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, కోఠి అక్కడే. స్టాఫ్ రూములో మేడమ్‌లు ఎంతమంది ఉన్నారో, లైబ్రరీ తాళం వేసి ఉందో తెరిచి ఉందో చూస్తే సగం తెలిసిపోతుంది.

ఈ దారిలో డబ్బు ఎప్పుడు మొదలవుతుంది? నిజాయితీగా చెప్పాలంటే, ఆలస్యంగా. మూడేళ్ళ డిగ్రీ తర్వాత వచ్చే మొదటి ఉద్యోగం బీటెక్ క్యాంపస్ జీతం కంటే తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ. సర్వే సంస్థల్లో ఫీల్డ్ పని, స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు అసిస్టెంట్, కంపెనీల్లో డేటా చూసే చిన్న ఉద్యోగం, బ్యాంకు క్లర్కు. పీజీ అయ్యాక మెట్టు మారుతుంది. బేగంపేటలో ఆర్థిక, సామాజిక పరిశోధనలు చేసే సెస్ ఉంది, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. పల్లెల్లో కూలి, నీళ్ళు, బడి, అప్పు, వీటిమీద పరిశోధన జరిగే చోట్లు మన ఊళ్ళోనే ఇన్ని ఉండటం అదృష్టం. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా 2003 నుంచి 2008 దాకా పనిచేసిన వై.వి.రెడ్డి గారు ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసింది మన ఉస్మానియాలోనే. సినిమాల్లో ఎంతో పేరు తెచ్చుకున్న శ్యామ్ బెనెగల్ నిజాం కాలేజీలో ఎకనామిక్స్ ఎంఏ చదివారు. అందరూ అలా అవుతారని కాదు, ఆ క్లాసు గదుల్లోంచి ఎటైనా వెళ్ళొచ్చని చెప్పడానికే వాళ్ళ పేర్లు తీశాను.

నాలుగోది, ఒక ఏడాది ఆగడం. సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, ఆంత్రోపాలజీ ఉన్నాయి. దానికి కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి, నువ్వు ఈసారి రాయలేదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు మానవ శాస్త్రాలను కలిపి చదివే డ్యూయల్ డిగ్రీ ఉంది. నీలాంటి ఎంపీసీ పిల్లల కోసమే పెట్టినట్టు ఉంటుంది. దాని పరీక్ష పేరు యూజీఈఈ. అదీ అయిపోయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లలు ఈ రెండు పేర్లూ రాసిపెట్టుకోండి, కార్పొరేట్ కాలేజీల్లో జేఈఈ, ఎప్‌సెట్ తప్ప వీటి ఊసెత్తేవాళ్ళు తక్కువ. నీ మటుకు, ఇంట్లో ఇప్పుడున్న వాతావరణంలో ఏడాది ఖాళీగా కూర్చుంటే ప్రతి పూటా అదే గొడవ. డిగ్రీలో చేరి, మూడేళ్ళ తర్వాత సీయూఈటీ పీజీ రాసి అదే యూనివర్సిటీలో ఎంఏకి వెళ్ళొచ్చు. ఆ తలుపు ఏమీ మూసుకుపోలేదు.

ఎకనామిక్స్ వైపే వెళ్తే మొదటి ఏడాది వృథా చేయకు. ఎక్సెల్ బాగా నేర్చుకో. దేశంలో ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎంతమందికి పని లేదు అన్నది తెలిపే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే లెక్కలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. రెండో ఏడాదికల్లా అందులోంచి మన రాష్ట్రం లెక్కలు తీయగలిగితే నీతో సమానంగా నిలబడే బీఏ పిల్లలు తక్కువ మందే ఉంటారు. ఇంగ్లిషులో రోజూ ఒక పేజీ రాయి. మద్రాస్ ఐఐటీ 2020 నుంచి డేటా సైన్స్ డిగ్రీని ఆన్‌లైన్‌లో నడుపుతోంది, జేఈఈ అక్కర్లేదు, వాళ్ళు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష పాసైతే చాలు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. మామూలు డిగ్రీతో పాటు ఇలాంటిది ఇంకొకటి చేయడానికి 2022 నుంచి యూజీసీ ఒప్పుకుంది. తేలిక కాదు. సెమిస్టర్ మొదట్లోనే మీద వేసుకోకు, ఆరు నెలలు పోయాక నీ ఓపిక చూసుకుని నిర్ణయించుకో.

నాన్నగారితో ఎలా మాట్లాడాలని అడగలేదు కానీ, అసలు చిక్కు అక్కడే ఉంది. "నా జీవితం నా ఇష్టం" అని మొదలుపెట్టకు. బావ సంగతి మళ్ళీ ఎత్తకు, అది ఆయన అక్క కొడుకు విషయం, ఆయనకు అవమానంగా ఉంటుంది. ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకెళ్ళు. ఎక్కడ చేరతావు, ఏడాదికి ఎంత ఖర్చు. మూడేళ్ళలో ఏ ఏడాది ఏం నేర్చుకుంటావు. డిగ్రీ అయ్యేసరికి ఏ పరీక్షలు రాస్తావు, ఎక్కడా రాకపోతే ఏం చేస్తావు. మూడోది తప్పకుండా ఉండాలి, ఆయన భయమంతా దాని గురించే. ఆ 9 లక్షల అప్పు ఇప్పుడు చేయొద్దని, అవసరమైతే ఎంఏకి అందులో ఐదో వంతుతో సరిపెడదామని అడుగు. కాలేజీ చూడటానికి ఆయన్ని కూడా ఒక పూట సెలవు పెట్టి రమ్మను. అంతా విన్నాక కూడా ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కన్వీనర్ కోటా గురించి ఇద్దరూ మాట్లాడుకోవచ్చు, అప్పు లేకుండా ఉంటుంది కనుక అది మేనేజ్‌మెంట్ సీటు అంత బరువు కాదు. ఇంజనీరింగ్ చదివాక కూడా ఎకనామిక్స్ ఎంఏలోకి వచ్చినవాళ్ళను నా క్లాసులోనే చూశాను.

కాగితంతో పాటు ఆ ట్యాంకర్ నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళు. ఆయన రోజంతా కొలతల మధ్య బతికే మనిషి. తేదీలు, టైములు, బిందెల లెక్కలు వరుసగా రాసిన పుస్తకం చేతికిస్తే, అది పిచ్చి పని అని ఆయన అంటారని నాకు అనిపించడం లేదు. ఆ పుస్తకం గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదని రాశావు. ఈ రాత్రి ఆయన డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిన్నాక చూపించు. ఆప్షన్లు పెట్టేముందు ఏం జరిగిందో నాకు రెండు ముక్కలు రాయి.